నీ సందు నేనే మూసేశాను

నాయినా,

ఎలా ఉన్నావని అడగడానికి లేదు కదా... నువ్వు పోయి పదమూడు నెలలైంది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయనిదాన్ని, ఇవాళ బడి మిద్దె మీద కూర్చుని, ఎవరో పిల్లల నోటుబుక్కులో కాగితం చింపి రాస్తున్నాను. ఇక్కడి నుంచి ఎక్కడికీ కదిలే దారి లేదు మరి.

నాలుగు రోజులుగా ఊరంతా నీళ్లలో ఉంది. కృష్ణ నీళ్లు కావు నాయినా. నువ్వు రాయి రాయి పేర్చి కట్టిన కట్ట దాటి ఏటి నీళ్లు చుక్క కూడా లోపలికి రాలేదు. ఇవి మన వెనక వాగు నీళ్లు. పైన డ్యాం గేట్లు ఎత్తారు, ఏరు నిండింది. అదే రోజు మన పొలాల మీద వాన కుమ్మేసింది. వాగు ఊళ్లోకి వచ్చింది. వచ్చింది గానీ, పోవడానికి దారి లేదు... ఆ దారి నేనే మూసేశాను.

కట్టలో నువ్వు వదిలిన నాలుగడుగుల సందు గురించే చెబుతున్నా. రెండు పక్కలా రాతిలో గాడి కొట్టి పెట్టావు. ఏరు పెరిగితే ఆ గాడిలో చెక్క పలకలు దింపేవాడివి, తగ్గితే ఎత్తేవాడివి. గేదెలు ఏటికి దిగడానికి వదిలావని ఊరంతా అనుకున్నారు. నేనూ అంతే. రాతి మీద లోపలొక సున్నం గీత, బయటొక సున్నం గీత గీసి, బీడీ కాలుస్తూ రెండింటినీ మార్చి మార్చి చూసేవాడివి. "లోపటి గీత మునిగి బయటి గీత తేలితే పలక లేపాలె బిడ్డా. గంతే" అనేవాడివి. ఎందుకని ఒక్కసారైనా అడిగానా? ముసలాయన చాదస్తం అనుకున్నాను.

కిందటేడు వరద తగ్గాక అట్టడుగు పలక ఇరుక్కుంది. నువ్వు ఒక్కడివే దిగి గడ్డపారతో పెకిలించావు. పలకతో పాటు నిన్నూ తోసుకుపోయాయి లోపల నిలిచిన నీళ్లు. రెండు రోజులకు ముళ్లకంపలో దొరికావు... ఎవర్నైనా పిలవకూడదా నాయినా? నడుముకో తాడు కట్టుకోకూడదా? నీ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ కోపమంతా సందు మీద చూపించాను. పంచాయతీ మెంబరునయ్యాను కదా, నా మాట సాగింది. ఎండాకాలంలో కరెంటు కార్ఖానా వైపు నుంచి ట్రాక్టర్లలో బూడిద ఇటుకలు తెప్పించి, సిమెంటుతో మందంగా గోడ కట్టించాను. అందరూ మెచ్చుకున్నారు. యాపలదిన్ని మేనత్త అయితే తన అన్న పేరు నిలబెట్టానని నా నెత్తిన చెయ్యి పెట్టింది. నీ పలకలు పొయ్యిలోకి కొట్టించబోతే అమ్మ మాత్రం లాక్కుని అటక మీద పెట్టుకుంది.

ఆషాఢంలోనే గోడ మొదట్లో చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. ఎండితే పోతాయిలే అనుకున్నాను. చూశావా నీ కూతురి తెలివి!

ఇప్పుడు కింది వీధిలో మట్టి గోడలు నానుతున్నాయి. మూడిళ్లు కూలాయి. అప్పటికే అందరం బడి మిద్దె ఎక్కాం కాబట్టి మనుషులు దక్కారు. నువ్వు కట్టిన మన ఇంటి తూర్పు గోడ పొట్ట ఉబ్బింది, ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. ఈ పూట గడుస్తుందో లేదో. రోడ్డు మునిగింది కాబట్టి గోడ కూల్చే మెషీన్ రావడానికి ఇంకా రెండు రోజులట. ఊళ్లో కరెంటు లేదు. ఎదురుగా కార్ఖానా గొట్టాలు మాత్రం ఎప్పట్లాగే పొగ వదులుతున్నాయి. "కరెంటు మన పక్కన పుట్టవట్టె, మనింట్ల బుడ్డి దీపమాయె" అని నవ్వేవాడివి గుర్తుందా?

ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండును. ఎటు తిరిగినా నీళ్లు, ఎవరి మొహం చూసినా నా గోడే గుర్తొస్తోంది.

పొద్దున నీ అల్లుడు నడుం లోతు నీళ్లలో కట్ట దాకా పోయి చూసొచ్చాడు. ఏరు నిన్నటి నుంచి తగ్గుతోందట. నీ బయటి గీత తేలిందట. లోపలి గీత ఎక్కడో అడుగున ఉంది. ఆ మాట వినగానే నీ గొంతు వినిపించింది. "గోడ కట్టుడు అందరికొస్తది బిడ్డా. నీళ్లను సాగనంపుడు రావాలె."

గోడ పగలగొట్టాలి. లేకపోతే ఇల్లు నిలవదు. కానీ అది నువ్వు పోయిన చోటు... ఆ సందులోంచి నీళ్లు మళ్లీ అదే హోరుతో పోతుంటే నేను చూడగలనా? పొద్దుటి నుంచీ లేవలేక ఇలాగే కూర్చున్నాను.

వాన మొదలైన రోజు అందరూ బియ్యం, జొన్నలు మోసుకుని మిద్దె ఎక్కితే, అమ్మ నీ పలకలు మోసుకొచ్చింది. నాలుగు రోజులూ వాటి మీదే కూర్చుంది, వాటి మీదే పడుకుంది. ఇందాకే లేచి, ఒక్కొక్కదాన్ని కొంగుతో తుడిచి నా ముందు పెట్టింది.

లేస్తున్నాను నాయినా. నీ సుత్తి, గడ్డపార తీసుకున్నాం. పైనుంచి ఒక్కో ఇటుకా తీస్తాం, తొందరపడం. మొదటి దెబ్బ నాదే. ఇకమీదట నీ రెండు గీతలూ చూసేది నేనే, పలక ఎత్తేదీ నేనే.

నడుముకు తాడు కట్టుకున్నాను. రెండో కొస అమ్మ, నీ అల్లుడు పట్టుకున్నారు.

నీ బిడ్డ