జక్కమ్మ అత్త ఐటెం కాదు

తమిళనాడు రాజపాళయంలో ఉండే, కాలం చేసిన దామోదరన్ కూతురు శివరంజని అనే నేను, ఇరవై ఆరేళ్ళ దానిని, వచ్చే గురువారం మదురైలో గుండె ఆపరేషన్‌కు పోతున్నాను. చెడినది వాల్వు, బుద్ధి కాదు. ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న నా కడపటి వీలునామా ఇది. దీన్ని జరిపించవలసినది వకీలు వినోదిని.

పాత లాటిన్ వీలునామాల్లో ఒక్కో ఆస్తి పేరుకు ముందు ‘ఐటెం’ అని రాసేవారని కాన్వెంటులో సిస్టర్ జెన్సి చెప్పినారు. అర్థం ‘అలాగే’. ఆ మర్యాదగల మాట మా ఊరు చేరి కల్యాణ మండపంలో ఆకుమీది కూర అయింది, కొట్టు బిల్లులో సబ్బు అయింది, బస్టాండులో తల దించుకుని నిలబడితే నేనయినాను. చిన్నాయన హరికృష్ణన్ నోట్లో ఇంకా కిందికి దిగింది. నన్ను పలకరించను హార్లిక్స్ సీసాతో వచ్చినాడు. సీసా బల్లమీద పెట్టి, జేబులోనుంచి టేపు తీసి, పక్కన సత్రపట్టిలో నేసే బ్యాండేజి గుడ్డకు గోడౌన్‌గా పనికొస్తుందా అని హాలు కొలిచినాడు.

“బీరువా, గ్రైండరు సరే. వంటింట్లో ఉండే ఆ ఐటెంను ఎక్కడికి పంపేది?” అన్నాడు.

ఆయన తోడబుట్టిన జక్కమ్మ అత్తను. అమ్మ పోయినాక నన్ను పెంచిన మనిషిని. ఆమె విన్నది. విని, “చక్కెర చాలునా తమ్ముడా?” అంటూ కాఫీ ఇచ్చింది.

1. ఐటెం: ఇల్లు, హాలుతో సహా, జక్కమ్మ అత్తకు. ఉన్నా అమ్మినా ఆమె ఇష్టం.

2. ఐటెం: నా కళ్ళద్దాల ఫ్రేము కూడా అత్తకే. అద్దాలు మార్పించుకుంటే టీవీకి ముక్కు ఆనించి కూర్చోనక్కరలేదు.

3. ఐటెం: పుస్తకాలు సిస్టర్ జెన్సికి. మా బంధువుల్లో ఎవరికిచ్చినా పాత పేపరుతో కలిపి తూకానికి వేస్తారు.

4. ఐటెం: హార్లిక్స్ సీసా చిన్నాయనకు. మూత తీయలేదు.

మొదటి సాక్షిగా చిన్నాయననే పిలిచినాను. సాక్షి నా సంతకం చూస్తే చాలు, లోపలి విషయం చదవనక్కరలేదని వకీలు చెప్పింది. పుస్తకాలు చూసి నేర్చుకున్న తెలుగు అక్షరాల్లో రాస్తున్నానంటే ఆయన నవ్వినాడు: “ఇంట్లో మాట్లాడేదానికి ఎళుత్తు ఎందుకమ్మా? జిలేబీ చుట్టినట్టుంది!” మూడు పూటలా తెలుగే మాట్లాడతాడు, ఆ ఎళుత్తు, అంటే అక్షరం, ఒక్కటీ చదవలేడు. మా ఊళ్ళో చాలామంది అంతే. దానికి గర్వపడేది ఆయన ఒక్కడే. ఇల్లు తనకే అనుకుని సంతకం పెడతాడు. తానే సాక్షి కనుక, రేపు నాకు మతి లేదనడానికి ఆయనకు నోరుండదు.

రాజపాళయం, 14 జూలై 2025.

(సం.) దా. శివరంజని

సాక్షులు:
1. రా. హరికృష్ణన్, చిన్నాయన (తమిళంలో సంతకం)
2. ఆరోక్కియరాజ్, వకీలు గుమాస్తా