లూకాస్ ఊరి మాట

2014 జనవరి 6, బాతెల్

లూకాస్‌ని రిహాబ్ నుంచి ఇంటికి తెచ్చాం. కుడి చెయ్యి లేవడం లేదు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాట వచ్చిందని అందరికీ సంతోషం. వచ్చింది... నాకు తెలిసిన మాట కాదు.

ఇంగ్లీష్ మొత్తం పోయింది. ఇండోనేషియన్ కూడా పోయినట్టే, ఎప్పుడైనా ఒకటో అరో. మిగిలింది వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది. ఇండోనేషియాలో వాళ్ళ ఊరున్న గోలో మెంతాస్ కొండ మీద, చుట్టుపక్కల లోయల్లో మాట్లాడుకునే భాష. స్ట్రోక్ తర్వాత ఒక్కోసారి ఇలా అవుతుందన్నాడు డాక్టర్. మిగతావి తిరిగొస్తాయా అంటే "వెయిట్ చేద్దాం" అంటాడు.

ఇన్నేళ్ళూ ఇంగ్లీష్‌లో కాపురం చేశాం. తనదీ కాదు, నాదీ కాదు. కాలేజ్‌లో ఈ దేశానికి ఇద్దరం పరాయివాళ్ళమే కదా, అలా మొదలైంది. అలాగే సాగింది. పోట్లాటలూ అందులోనే.

జనవరి 9

"వాఎ" అంటే నీళ్ళు. గ్లాసు ఇస్తే నవ్వాడు. ఇవాళ్టికి అంతే.

జనవరి 14

సాయంత్రం మార్తా ఫోన్. లూకాస్ చెల్లెలు. ఊళ్ళోనే ఉంటుంది, బళ్ళో ఇంగ్లీష్ చెప్తుంది కాబట్టి నాకు ఆధారం ఆమె ఒక్కతే. అక్కడ సిగ్నల్ కోసం చర్చి ఉన్న మెరక ఎక్కాలి. స్పీకర్ పెట్టాను.

గలగలా మాట్లాడాడు. నవ్వాడు. కోప్పడ్డాడు. నాతో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. పక్కనే కూర్చుని, వేరేవాళ్ళింట్లో ఉన్నట్టు వింటూ ఉన్నాను.

"ఏమంటున్నాడు?"

"మొక్కజొన్న కంకి పాలు పోసుకుందా అంటున్నాడు వదినా. అడవిపందులు దిగుతున్నాయా అని. అమ్మని పిలవమంటున్నాడు."

అత్తగారు పోయి మూడేళ్ళు. తనే వెళ్ళి మట్టి చేసి వచ్చాడు.

"నువ్వేం చెప్పావు?"

"పొలంలో ఉందన్నాను."

జనవరి 15

చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధమాడితే నాన్న కుటుంబ ప్రార్థనలో పేరు పెట్టి మరీ చెప్పేవాడు దేవుడికి. పొద్దున నేనే మార్తాకి మెసేజ్ పెట్టాను — ఈసారి అడిగినా పొలంలోనే ఉందని చెప్పు.

జనవరి 23

స్పీచ్ థెరపీ. థెరపీ చేసే అమ్మాయి గోడ మీద గడియారం చూపించి, గీయమని కాగితం ఇచ్చింది. ఎడమ చేత్తో గుండ్రం గీశాడు. నడుమ చుక్క. చుక్క నుంచి అంచు దాకా గీతలు. అంకెల్లేవు. ఇంకా గీతలు, ఇంకా...

"అది పొలం," అన్నాను. వాళ్ళ ఊళ్ళో పొలం సాలెగూడులా ఉంటుంది. మధ్యలో గుంజ పాతి, అక్కణ్ణుంచి అంచు దాకా ఇంటికో ముక్క పంచుతారు. పెళ్ళైన కొత్తలో నన్ను తీసుకెళ్ళి, కొండ మీద నిలబెట్టి, వాళ్ళ ముక్క ఏదో చూపించాడు. పచ్చటి చక్రం. పొగమంచు. నేను కాళ్ళకి పట్టిన జలగలు లాక్కునే హడావుడిలో ఉన్నాను.

"ఓ, నైస్," అంది ఆ అమ్మాయి. "కానీ నేనడిగింది క్లాక్."

మంచిపిల్లే. ఏం చేస్తుంది.

ఫిబ్రవరి 2

ఆదివారం. మా తెలుగు చర్చి. పాస్టర్ గారు తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. లూకాస్ బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. బయటికొచ్చాక విమలక్క — "బ్రదర్‌కి ప్రార్థన బాగా అందినట్టుంది."

తెలుగు ప్రార్థన తనకి ఎప్పుడు అర్థమైంది గనక. అర్థం కాకపోయినా ప్రతి వారం వచ్చి, వెనక వరసలో కూర్చునేవాడు. నా కోసం.

ఫిబ్రవరి 11

కొన్నాళ్ళుగా నన్ను "సుస్తెర్" అంటున్నాడు. స్నానం చేయించాక, అన్నం పెట్టాక. ముద్దుపేరేమో అనుకున్నాను. ఇవాళ మార్తాని అడిగాను.

"చిన్నప్పుడు కొండ కింద మఠంవాళ్ళ క్లినిక్ ఉండేది వదినా. సిస్టర్లే నర్సులు, వాళ్ళని సుస్తెర్ అంటాం. అన్నకి మలేరియా వస్తే నెలంతా అక్కడే ఉంచారు. నువ్వు ఆ సిస్టర్‌వి అనుకుంటున్నాడు."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నీ గురించి మంచిగానే చెప్తున్నాడు. దయగల మనిషివట."

ఫిబ్రవరి 12

రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 22

మా అమ్మాయి రూత్ కాలేజ్ నుంచి వచ్చింది. గుమ్మంలో దాన్ని చూసి ముఖం విప్పార్చుకుని "మార్తా" అన్నాడు. అది నవ్వి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళి షవర్ తిప్పుకుంది. చాలాసేపు.

భోజనాల దగ్గర నేనే మాట ఎత్తాను.

"డాడీని కొన్నాళ్ళు ఊరికి పంపిస్తే—"

"అంటే వదిలేస్తావా?"

"వదిలెయ్యడం కాదే. మార్తా అత్త చూసుకుంటానంటోంది."

"అక్కడ హాస్పిటల్ ఉందా అమ్మా?"

"సగం రోజు ప్రయాణం."

"రెయిన్స్ ఉంటే?"

పప్పు కలుపుతూ కూర్చున్నాను.

"సో, డాడీ అక్కడ చచ్చిపోతారు."

"మరి ఇక్కడ ఎవరితో మాట్లాడతాడే?"

అది కంచం తీసుకుని లేచిపోయింది. లూకాస్ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఏదో అన్నాడు. మెల్లగా, సర్దిచెప్తున్నట్టు. ఏమన్నాడో.

మార్చి 4

పంపుదామనే ఉంది. ఫ్లైట్ ఎక్కొచ్చన్నాడు డాక్టర్. ఆఫీస్‌లో లీవ్ అడిగాను. దింపి, కొన్నాళ్ళుండి వస్తాను. రూత్ ఫోన్ ఎత్తడం లేదు.

ఊళ్ళో ఇప్పుడెవరున్నారని మార్తాని అడిగాను. మగవాళ్ళు సగం మంది మలేషియాలో పామాయిల్ తోటల పనికి పోయారట. ముసలాళ్ళు, పిల్లలు, ఆడవాళ్ళు. కాఫీ గింజలు దారి మీదే చాపలేసి ఎండబెడతారు, ఎలాగూ బండి రాదు గనక. "ఇంటి ముందు రాతి అరుగు మీద కూర్చోబెడతా వదినా. పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు పలకరిస్తూనే ఉంటారు. అన్నకి అంతకన్నా ఏం కావాలి?"

నిజమే. నేను ఇవ్వలేనిది అదే.

మార్చి 9

మార్తా ఫోన్ కలవడం లేదు. వానలేమో.

మార్చి 13

లేదు. తను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చునే ఉంటున్నాడు. అన్నం కూడా అక్కడే.

మార్చి 16

మార్తా. వెనక లారీల చప్పుడు. "స్పీకర్ తీసెయ్ వదినా. గదిలోకి వెళ్ళు."

కొండ జారింది. రాత్రంతా కురిసి, తెల్లారగట్ల. పొలం మొత్తం పోయింది. పై వరస ఇళ్ళు, మనిల్లు, అమ్మ సమాధి... మనుషులు? నలుగురు. పేర్లు చెప్పింది. నేను ఊ కొట్టాను. నాకు వాళ్ళెవరూ తెలీదు. తెలిసినవాడు ఇవతల సోఫాలో ఉన్నాడు.

మిగిలినవాళ్ళని రోడ్డు పక్క బళ్ళో ఉంచారట. మళ్ళీ పైకి వెళ్ళనివ్వరట, ఎప్పటికీ.

"ఊరు లేదు వదినా ఇంక. అన్నకి చెప్పకు."

మార్చి 17

ఊరి సంగతి రూత్‌కి మెసేజ్ పెట్టాను. దాని జవాబు — "సారీ అమ్మా." అంతే. మళ్ళీ కాసేపటికి — "నేను రానా?" వద్దన్నాను. ఎందుకన్నానో.

మార్చి 21

మాట్లాడుకున్నారు అన్నా చెల్లెలూ. తను నవ్వుతున్నాడు. ఆఖర్న మార్తా నాతో — "కోత అయిందని చెప్పాను. గింజ గట్టిగా వచ్చింది, అమ్మ ఎండబెడుతోంది అన్నాను." మళ్ళీ ఆమే — "చెప్తున్నంతసేపూ నాక్కూడా ఊరు ఉన్నట్టే ఉంటుంది వదినా."

మార్చి 30

చర్చికి వెళ్ళలేదు.

ఏప్రిల్ 5

చూస్తూ వింటూ నాకూ పదాలొస్తున్నాయి. ఉసాంగ్ — వాన. మాయ్ — రా. కోలె — తిరిగి వెళ్ళడం. ఇది రోజుకి ఎన్నిసార్లు అంటాడో.

ఏప్రిల్ 12

మధ్యాహ్నం నేను పడుకుని లేచేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బూట్లు వేసుకున్నాడు. సూపర్‌మార్కెట్ సంచిలో రెండు చొక్కాలు. ఎడమ చెయ్యి చాపి నాతో చెయ్యి కలిపాడు. "సుస్తెర్..." ఏదో పొడుగ్గా, మర్యాదగా. అందులో కోలె వినబడింది. నయమైంది, సెలవు తీసుకుంటున్నాడు.

వద్దనడానికి కూడా మాట తెలుసు నాకు. అయినా కారు ఎక్కించాను.

ఎటు పోవాలో తెలీదు. ఊరి బయట, స్నోహోమిష్ వైపు తిప్పాను. లోయలో దున్నిన పొలాలు, నల్లగా, తడిగా. తను అద్దం మీద కొట్టాడు. ఆపాను. దిగి, కర్రతో తంటాలు పడుతూ వెళ్ళి, పొలం అంచున కూలబడ్డాడు. పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. మాట్లాడడం మొదలుపెట్టాడు, ఎవరో ఎదురుగా ఉన్నట్టు.

మార్తాకి కలిపి చెవి దగ్గర పెట్టాను. అక్కడ అప్పుడే తెల్లారింది. తను అడుగుతున్నాడు, మళ్ళీ అడుగుతున్నాడు. ఫోన్ నేను తీసుకున్నా.

"ఏమడుగుతున్నాడు?"

"పొలం దాకా వచ్చేశాను కదా, ఇల్లు కనబడదేమిటి అంటున్నాడు." ఏడుస్తోంది. "నా వల్ల కాదు వదినా. ఇవాళ నువ్వే చెప్పు."

పెట్టేసింది.

కారులో కూర్చుని రాస్తున్నాను. మాయ్, మాయ్ అని పిలిచాను. వినబడింది, తల తిప్పి చూశాడు, రాలేదు. చినుకులు. దూరంగా ట్రాక్టర్ ఆగింది. పొలం ఆసామి కాబోలు, దిగి ఇటే వస్తున్నాడు. లూకాస్ కర్ర ఊతంగా లేచాడు. ఆ మనిషిని చూసి చెయ్యి ఊపుతున్నాడు, తన ఊరివాణ్ణెవరినో అన్నట్టు పేరు పెట్టి పిలుస్తున్నాడు.