మలర్ విన్న తెలుగు

నాయనా,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. నీకు తెలుగు అక్షరాలు రావని తెలుసు. అమ్మ పట్టుబట్టి నేర్పించిన అక్షరాలు ఊరికే పోతున్నాయని రాస్తున్నాను. పక్కన కూర్చుని చదివి వినిపిస్తున్నాననుకో...

ఇక్కడ వేలూరు బాగాయంలో మేమంతా బాగున్నాం. గుడియాత్తంలో అక్క నీ సైకిలు ఎవరికీ ఇవ్వలేదు. దాని మీద తడిబట్టలు ఆరేస్తోంది. నువ్వు చూస్తే ఏమనేవాడివో!

అసలు సంగతికి వస్తాను. మా షూ ఫ్యాక్టరీలో ఫ్లోర్ ఇన్‌చార్జి ఉద్యోగం ఖాళీ అయింది. పదకొండేళ్లుగా లైన్ సూపర్‌వైజర్‌గానే ఉన్నాను కదా, ఈసారి నాదే అనుకున్నాను. దానికి ముందు మమ్మల్ని నలుగురిని వేలూరులో ఒక హోటల్‌కు పంపి రెండు రోజులు శిక్షణ ఇప్పించారు. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అట. పేరు విని భయపడకు. ఎదుటి మనిషి మనసులో ఏముందో కనిపెట్టడం, మన కోపాన్ని మనం పట్టుకోవడం... చదువుకంటే ఇదే మనిషిని ఉద్యోగంలో పైకి తీసుకుపోతుందని టై కట్టుకున్నాయన తెర మీద బొమ్మలేసి చూపించాడు.

నాకు నువ్వే గుర్తొచ్చావు. లుంగీల కంపెనీలో మేస్త్రీగా ఉన్నప్పుడు, నేతగాళ్లు బట్టలు తెచ్చి బల్ల మీద పెడితే నువ్వు కళ్లతో చూసేవాడివి కాదు, అరచేత్తో తడిమేవాడివి. ఒకచోట చెయ్యి ఆగేది. అక్కడ పేక నూలు పలచబడిందని నాకూ తెలిసేది. నువ్వు మాత్రం ఆ చోటును లోపలికి మడిచి, బట్ట పక్కన పెట్టి, తర్వాతి మనిషిని పిలిచేవాడివి. ఎందుకని అడిగితే ఒకటే మాట. "తప్పు లోపలికి మడిచిపెట్టు అమ్మా. ఈడుండేవాళ్లందరూ చూడాల్సిన పనేముండాది?"

సాయంత్రం సైకిలేసుకుని ఆ మనిషి ఇంటికి పోయేవాడివి. ముందు అడిగేది, "ఇంట్లో అందరూ బాగుండారా?" బట్ట మాట కాఫీ తాగిన తర్వాతే.

నీకంటే పదేళ్లు చిన్నవాడు, పదిమందిలో నేతగాళ్లను కడిగేసేవాడు, మేనేజరయ్యాడు. నువ్వు మేస్త్రీగానే ఇంటికొచ్చావు. నీ మెతకతనమే నిన్ను తొక్కేసిందని నీ మొహానే అన్నాను. నువ్వు నవ్వావు. బాధపడ్డావా నాయనా?

శిక్షణ చివర్లో పరీక్ష పెడితే నేనే ఫస్ట్. సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను కూడా. సరిగ్గా వారానికి...

మా లైన్లో మలర్ అని కొత్తగా చేరింది. తొరపాడి నుంచి వస్తుంది. అందరితో తమిళమే. మంచి చెయ్యి. అయితే ఆ వారం ఆమె కుట్టు వంకరపోయింది. ఒక పెట్టె మొత్తం వెనక్కి వచ్చింది, పైవాళ్ల చేత మాట పడ్డాను. అప్పుడే అక్క ఫోన్ చేసింది.

మన ఇంటి అలవాటు నీకు తెలుసు కదా. పక్కన ఎవరున్నా సరే, తెలుగులోకి తిరిగామంటే తలుపేసుకున్నట్టే మనకు. బస్సులో, పెళ్లిళ్లలో, చివరికి డాక్టరు ముందు కూడా... మలర్‌కు రెండు బారల దూరంలో నిలబడి, గొంతు కూడా తగ్గించకుండా అక్కతో అన్నాను. కొత్త పిల్లకు చేతులు ఆడతాయిగానీ బుర్ర ఆడదని, వాళ్లమ్మ ఏం నేర్పించి పంపించిందో అని.

మరునాడు మలర్ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఫోన్ ఎత్తదు. ఐదు రోజులు కబురు లేకపోతే పేరు కొట్టేస్తారు. కారణం రాసివ్వమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. "సమాచారం ఇవ్వలేదు" అని రెండు ముక్కలు రాస్తే చాలు, నన్ను ఎవరూ ఏమీ అడగరు. సోమవారమే నా ఇంటర్వ్యూ.

మలర్ పక్క మిషనామె మాత్రం మెల్లగా చెప్పింది, మీరు ఫోన్లో మాట్లాడినప్పటి నుంచే ఏడ్చింది మేడమ్ అని. నేను మాట్లాడింది తెలుగులో కదా అనబోయి... మలర్ ఇల్లెక్కడని అడిగాను.

ఆదివారం తొరపాడి పోయాను. మలర్ కోప్పడలేదు. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. ఆమె పుట్టిల్లు ఒడుగత్తూరు. వాళ్లదీ తెలుగిల్లే. అత్తగారింట్లో అందరిదీ తమిళం. వాళ్లమ్మ పోయి అప్పటికి నెల కూడా కాలేదు. కొత్తగా చేరినవాళ్లకు సెలవు దొరకదని భయపడి జ్వరమని చెప్పి, ఐదో రోజే వచ్చి మిషను ముందు కూర్చుంది. ఆ సెలవు చీటీ మీద సంతకం నాదే. పెట్టేటప్పుడు ఆమె మొహం చూడలేదు.

ఆమె చెప్పింది ఇది, నాయనా. "అమ్మ పోయినాక తెలుగు మాట యాడా ఇనబళ్లేదు అక్కా. మీరు ఫోన్లో మొదలుపెట్టంగానే భలే సంతోషమాయ. పని ఆపి ఇంటా ఉంటి. తర్వాత గదా తెలిసె, అది నా గురించని."

నాకు శిక్షణలో నేర్చుకున్న మాట ఒక్కటీ గుర్తురాలేదు. తప్పు నాది అన్నాను. ఏడ్చాను. నీకోసం నేను పది రోజులు సెలవు పెట్టి ఏడ్చినదాన్ని... నా కళ్ల ముందు ఇంకొకరు అదే ఏడుపును మింగుకుంటుంటే కుట్టు వంకర ఒక్కటే కనిపించింది.

ఆఫీసు కాగితం మీద ఉన్నదున్నట్టు రాశాను. ఆమె రాకపోవడానికి కారణం నేనని, ఏమన్నానో ఆ మాటలతో సహా. ఇంటర్వ్యూలో ఆ కాగితం నా ముందే పెట్టారు. ఎవరైనా బలవంతంగా రాయించారా అని అడిగారు. లేదన్నాను. ఉద్యోగం పక్క లైన్ ఆమెకు ఇచ్చారు. మలర్ పేరు కొట్టేయలేదు.

కోపం రాలేదా అంటే వచ్చింది. ఆ రోజు వంటింట్లో గిన్నెలకే తెలుసు. ఇప్పుడు తగ్గింది... చాలావరకు.

గురువారం మలర్ పనిలోకి వచ్చింది. వారమంతా తమిళంలోనే, మేడమ్ అంటూనే మాట్లాడింది. నేనూ మీద పడి మాట్లాడలేదు. ఆమెకు మాట్లాడాలని లేకపోతే ఏం చేయగలను?

నిన్న అన్నం గంట కొట్టారు. మిషన్లన్నీ ఆగాయి. లైనంతా వినేట్టు, ఉన్నచోటునుంచే అడిగింది, "తింటివా అక్కా?"

తినలేదన్నాను. తన డబ్బా నా వైపు జరిపింది. ఇద్దరం తెలుగులో మాట్లాడుకుంటూ తిన్నాం. వాళ్లమ్మ గురించి చెప్పింది. నీ గురించి నేను చెప్పాను.

ఇన్‌చార్జి ఉద్యోగానికి వచ్చే ఏడాది మళ్లీ అడుగుతాను. అంతకుముందే వాళ్లమ్మ సంవత్సరీకం వస్తుంది. మలర్‌కు సెలవు నేనే అడిగి ఇప్పిస్తాను. ఒడుగత్తూరుకు వెంట నేనూ పోతాను.

నీ కూతురు,
రేణుక