ఇద్దరు పట్టుకునే పగ్గం

వేములవాడ సత్రం, సోమవారం రాత్రి, 1958

పొద్దుగాల కోడె మొక్కు తీర్చినం. గుడి చుట్టు కోడెను తిప్పుతుంటె పగ్గం నా చేతిలకెల్లి జారింది. "ఆలుమొగలు ఇద్దరు పట్టుకోవాలె బిడ్డా, ఒక్కరే పట్టుకుంటె మొక్కు చెల్లది" అని అత్త మళ్ల నా చేతిల పెట్టింది. ఈసారన్న బిడ్డ దక్కాలని ఆమె మొక్కు. ముందటి ఇద్దరు కడుపులనే పోయిన్రు.

పోయిన వారం కరీంనగర్ దవాఖానల డాక్టరమ్మ నా నెత్తురు పరీక్ష చేయించి, మీ ఆయన ఏడ పని చేస్తడని అడిగింది. షోలాపూర్ మిల్లుల నేస్తడని చెప్పిన. "అటు పోయొచ్చినోళ్ల ఇండ్లల్ల గిది మస్తు సూస్తున్న. ఆయన నుంచి నీకంటిన సుఖరోగం. నీ పిల్లలు కడుపులనే పోయింది గిందుకే. ఇద్దరు సూదులు తీసుకోవాలె" అన్నది. నాకు మొదటి సూది ఆడనే ఇచ్చింది.

ఆయన నిన్ననే షోలాపూర్ నుంచి వచ్చిండు. ఇయ్యాల కోడెను కట్టేసినంక గీ సంగతి చెప్పిన. ఆయన జర గూడ పరేషాన్ కాలే. కింద సూస్కుంట, "నేను ఆడనే సూదులు తీసుకున్న. మొదటి బిడ్డ పోకముందే" అన్నడు.

అంటె అప్పటిసంది ఎరికేనన్నట్టు. నీ కడుపు మంచిది కాదని అత్త నన్ను తిడుతుంటె, ఆయన పక్కన కూసోని బువ్వ తిన్నడు.

పగ్గం ఇద్దరం పట్టుకోవాలెనట. సూదికి మాత్రం ఆయన ఒక్కడే పోయిండు.

పొద్దుగూకినప్పటిసంది కడుపుల బిడ్డ కదులుతలేదు. ఎడమచెయ్యి అక్కడికెల్లి తీయకుంట గిది రాస్తున్న.