సముద్రమూ అమ్మా ఒకే ఫోటోలో

మైపాడు

ప్రియమైన అబిగయీలు అక్కకు,

ముందుగా నా క్షమాపణలు అందుకో. మోకాళ్ళ మీద ఉండి రాస్తున్నాను. కుర్చీలో పిల్లి పడుకుంది. సూర్యుడు తూర్పునే పొడుస్తున్నందుకు, మన సముద్రం కూడా తూర్పునే ఉన్నందుకు, వాటి ముందు నిలబెడితే మనుషులు ఫోటోలో బొగ్గుల్లా పడుతున్నందుకు పూర్తి బాధ్యత నాదే. ఫోన్‌లో చెబితే మధ్యలో అరుస్తావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

అమ్మానాన్నల పాతికేళ్ళ పెళ్లిరోజు ప్రార్థన కూడికకు ఫ్లెక్సీ ఫోటో తీసే పని నాకు అప్పగించావు కదా. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఊరికే నొక్కేస్తానా? వెలుతురు ఎక్కువగా ఒకటి, తక్కువగా ఒకటి, మధ్యస్తంగా ఒకటి తీసి, అన్నిటినీ కలిపి ఒకే ఫోటో చేసే హెచ్‌డీఆర్ యాప్‌లు మూడు దించుకుని, తెల్లారగానే ఇద్దరినీ ఒడ్డుకు తోలుకుపోయాను.

మొదటి యాప్ ఆకాశానికి నేరేడుపండు రంగు పూసింది. అమ్మ ముఖాన్ని ఇస్త్రీ చేసి సున్నం కొట్టింది. మగ్దలీనమ్మ పెద్దమ్మ చూసి, "మీ నాయన పక్కన ఎవుర్రా ఈ పిల్ల? మీ అమ్మ డెబోరాకు తెలుసునా?" అనింది.

రెండోదానికి ఫోటోలన్నీ పూర్తయ్యేదాకా కదలకూడదు. "నాన్నా, కదలకుండా నిలబడు" అన్నాను. కదలకుండా నిలబడమంటే నాన్నకు తెలిసిన పని ఒకటే. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. తయారైన ఫోటోలో నాన్నకు రెండు జతల కళ్ళు, అమ్మకు మూడు చేతులు. ఆమెన్ అన్నాక మళ్ళీ తీద్దామనుకుంటే, ప్రార్థన వేటకు పోయిన పడవల దాకా వెళ్ళింది.

మూడోది మొండిది. చీకటిని ఎంత తేల్చాలో, వెలుతురును ఎంత అణచాలో మనమే వేలితో జరుపుకోవాలి. నేను జరుపుతుంటే అమ్మ పక్కకొచ్చి మెల్లగా అడిగింది: "ఫ్లెక్సీలో మీ నాయన ఒక్కణ్ణే యేస్తే సరిపోదా నాయనా?"

అక్కా, నీ వాయిస్ మెసేజ్ అమ్మ వింది. "అమ్మను రొంత తెల్లగా చెయ్యరా, మా ఆఫీసోళ్ళు వస్తారు" అన్నావే, అది. రొయ్యలు ఒలుస్తూ వింది. ఒలవడం ఆపలేదు. వాళ్ళ పెళ్లి ఫోటో గుర్తుందా? చర్చి గుమ్మంలో, వెనక ఎండ. తెల్లచీర పడింది, ముఖం పడలేదు. "మావోడు చీరను పెండ్లి చేసుకున్నాడు" అని మేనత్తలు ఇప్పటికీ నవ్వుతారు. అందరికంటే ముందు అమ్మే నవ్వుతుంది. ఆ నవ్వు ఎందుకంత తొందరపడుతుందో నాకు ఆ ఒడ్డున తెలిసింది.

అప్పుడే తేల్చుకున్నాను. ఈసారి ముఖం పడాలి, దాని రంగులోనే పడాలి. పడింది. తడిసిన పడవ చెక్క రంగులో అమ్మ, వెనక ఒక్కొక్క అల విడివిడిగా.

ఇందుకూరుపేటలో ఫ్లెక్సీ షాపు పెంచలన్న, "తమ్ముడూ, అమ్మను తెల్లగా చేస్తా. అందరికీ చేసేదే, ఊరికేలే" అని మౌస్ పట్టుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అన్నా, అది కదిలిందంటే ఇక్కడే ప్రార్థన మొదలుపెడతా. నేను మా నాయన కొడుకుని."

ఇప్పుడు ఫ్లెక్సీ చర్చి గేటుకు ఉంది. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది. "తెల్లగా చెయ్యలేదే? అక్క ఏమంటాదో" అనింది.

ఇంతవరకూ జరిగిందంతా సూర్యుడు, యాప్‌లు, పెంచలన్న చేసిందే. నేను చేసింది ఒక్కటే. ఈ ఫోటో ఎంచింది నువ్వేననీ, "మా అమ్మ రంగు ముట్టుకోవద్దు" అని మళ్ళీ మెసేజ్ పెట్టావనీ అమ్మకు చెప్పాను. కొంగుతో ముఖం తుడుచుకుంది. పులుసు పొయ్యి దిగగానే నీకు ఫోన్ చేస్తుంది. ఎత్తు.

నీ తమ్ముడు,
గిద్యోను