గొంతులో ఆగని వేలం

జూన్ 4

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. జీవితమంతా నోటితో బతికినవాడికి పెన్ను పట్టుకోవడమంటే ఎడమచేత్తో గడ్డం గీసుకోవడమే. కానీ డాక్టరమ్మ రెండు వారాలు నోరు విప్పొద్దంది. గుసగుసలూ కూడదట, అవి ఇంకా చేటట. లోపల మాటలు ఊరిపోతున్నాయి, ఎక్కడో ఒకచోట పారబోయాలి కదా.

కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం పాడించేవాణ్ణి నేను. నా కేకకి గేటు బయట లారీవాళ్ళు నిద్రలేచేవాళ్ళు. ఏడాదిగా బొంగురు. కెమెరా పెట్టి చూస్తే స్వరతంత్రుల మీద కాలీఫ్లవర్ ముక్కల్లా గడ్డలు. క్యాన్సర్ కాదు, పాపిలోమా, వైరస్ పని అన్నారు. లేజర్‌తో తీసేశారు. మళ్ళీ మొలవకపోతే నేను నిలబడి పాడించే అరుగు నాదే. మొలిస్తే మళ్ళీ కోత. కోసినకొద్దీ తంత్రి బిగుసుకుపోతుందట, ఇక గొంతు సంగతి అంతే.

అరుగు మీద ప్రస్తుతం మా మేనల్లుడున్నాడు. బాగానే పాడిస్తున్నాడట. అదే నా భయం.

జూన్ 6

నోరు మూసుకుంటే ఇంట్లో ఎన్ని చప్పుళ్ళో! ఫ్రిజ్ మూలుగుతుంది. మా ఆవిడ ఫోన్లో వాళ్ళ చెల్లెలితో, పెళ్ళయ్యాక ఇంత ప్రశాంతంగా ఎప్పుడున్నానే, ఆ వైరస్‌కి దండ వేయాలి అంటోంది. నేను పక్కగదిలోనే ఉన్నాను. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

జూన్ 8, మధ్యాహ్నం

వైరస్ గురించి ఫోన్లో చదివాను. నేను బడికి వెళ్ళింది కొన్నాళ్ళే. మిగతా చదువంతా టమాటా బుట్టల్లో పరిచిన పేపర్లలోనే. అందుకే ఏ విషయమైనా నాకు సగమే తెలుసు, మిగతా సగం చిరిగిపోయి ఉంటుంది. ఇది మాత్రం పూర్తిగా చదివాను.

కణం పైపొర మీద రిసెప్టర్లుంటాయట. నా లెక్కలో అవి వేలం పాడించేవాళ్ళు. బయటినుంచి గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి సైగ చేస్తే, పాట పెరిగిందని లోపలికి కేకేస్తాయి. ఆ కేక ఒకరినుంచి ఒకరికి అందుతూ నడిబొడ్డుకు చేరుతుంది, కణం రెండవుతుంది. పనయ్యాక పాడించినవాణ్ణి అరుగు దింపేస్తారు. లోపల ఇంకొకడు మూడోసారి అని పాట ముగించేస్తాడు. మర్యాదస్తుల మార్కెట్.

వైరస్‌కి తన కాపీలు తీసుకునే సొంత మెషీన్ లేదు. కణం పెరగబోయేటప్పుడు బయటపెట్టే మెషీనే దానికి కావాలి. అందుకని ఒక ప్రోటీన్‌తో పాడించేవాణ్ణి దిగనివ్వకుండా అరుగు మీదే పట్టుకుంటుంది. ఇంకో ప్రోటీన్‌తో మూడోసారి అనేవాడి నోరు నొక్కేస్తుంది. ఇక ఒకటోసారి, రెండోసారి, మళ్ళీ ఒకటోసారి, రెండోసారి. కొనేవాడు లేడు, సరుకు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నా గొంతులో.

దొంగైతేనేం, పనిమంతుడు.

జూన్ 9

రాత్రి నిద్రలో మాట్లాడానా అని మా ఆవిడని రాసి అడిగాను. ఆ కాసేపైనా నన్ను సుఖంగా పడుకోనివ్వండి, నాకేం తెలుసు అంది.

జూన్ 12

ఇంట్లో ఊపిరాడక పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళాను. క్యాబేజీ లాటు, లారీడు సరుకు, వేలం నడుస్తోంది. మా దగ్గర కొనేవాళ్ళు పాట నోటితో పాడరు. పక్కవాడికి తెలియకుండా చెవి తమ్మె పట్టుకుంటే ఒక మెట్టు పెంచినట్టు. ఆ పద్ధతి పెట్టిందే నేను. గొంతులో దురద పుట్టింది. దగ్గకూడదు. తమ్మె కింద నొక్కితే తగ్గుతుందని నొక్కాను.

మేనల్లుడి కళ్ళు మెరిశాయి. ఒకటోసారి! అన్నాడు. కాదని చెయ్యి ఊపాను. చెయ్యి ఊపితే లాటంతా నాకే అని అర్థం. అదీ నేను పెట్టిందే. రెండోసారి! వద్దు అన్న ఒక్క మాట గొంతులోకి వచ్చి కూర్చుంది. అంటే పుండు రేగుతుంది. అనకపోతే లారీడు క్యాబేజీ.

మూడోసారి.

పెద్దాయన వ్యాపారంలోకి దిగాడ్రోయ్ అని హమాలీలు ఈలలేశారు. నేను కాగితం మీద రాసిచ్చిన అవస్థ చదివి మేనల్లుడు పడీపడీ నవ్వాడు. నీ నోరు మూయించడానికి ఒక జబ్బు రావాల్సి వచ్చింది మావయ్యా, సరుకు నేను తిప్పి అమ్మిపెడతాలే అన్నాడు. వాడి గొంతు ఖంగుమంటోంది. నాకంటే బాగుంది.

జూన్ 13

రెండు బస్తాలు మిగిలి ఇంటికొచ్చాయి. పొద్దున క్యాబేజీ. రాత్రీ క్యాబేజీ.

జూన్ 18

డాక్టరమ్మ కెమెరా పెట్టి, ఈ... అని పలకమంది. అన్నాను. స్క్రీన్ మీద ఎడమ తంత్రి అంచున తెల్లగా, ఆవగింజంత. ఆమె నర్సు వైపు తిరిగి, ఆపరేషన్ థియేటర్ ఎప్పుడు ఖాళీ అని అడిగింది.

బయట నేనూ మా ఆవిడా టాక్సీ ఎక్కాం. ఎక్కడికండీ అన్నాడు డ్రైవర్. చెప్పాను. ఎక్కడికీ అన్నాడు మళ్ళీ.

మా ఆవిడ చెప్పింది.