డాబా మీద చుక్కల పొడి

ప్రియమైన అక్కకి,

క్షేమంగా చేరాను. మీ బడి డాబా రెయిలింగ్ గట్టిగా అతికించాను. పిల్లలే కాదు, మీ హెడ్మాస్టరు ఆనుకున్నా ఊగదు, ఆయన ఒళ్లు చూసే వెల్డింగ్ వేశాను. నేను ఎక్కిదిగుతుంటే నువ్వేమో "తొక్కకురా, ఆకాశం నుంచి రాలిన దుమ్ము" అని ఒకటే గోల. చిన్నప్పుడే బడి మానేసి మంచిపని చేశాను, లేకపోతే నాతోనూ డాబా ఊడిపించేదానివి.

ఇంతకీ ఆ దుమ్ములో ఏమైనా దొరికిందా?

నీ అల్లరి తమ్ముడు


ప్రియమైన తమ్ముడూ,

దొరకడమా. ఎన్నో దేశాల బడిపిల్లలు ఇదే పని చేస్తున్నారని చెప్పానుగా. డాబా ఊడ్చి, ఆ దుమ్ములో అయస్కాంతం తిప్పి, అంటుకున్నదాన్ని భూతద్దం కింద వెతకడం. ఉల్కలు కరిగి సన్నటి గుండ్రటి పూసలై రాలతాయి. మిగతా బడులకి ఒకటో రెండో దొరికితే గొప్ప. మాకు గుప్పెడు దొరికాయి. నోరు విప్పని చివరి బెంచీ పిల్ల కూడా భూతద్దం వదలట్లేదు. శుక్రవారం అన్ని దేశాల పిల్లలకీ కంప్యూటర్ తెర మీద మేమే చూపించాలి. నా కాలు నేల మీద నిలవట్లేదు. నవ్వకు.

నీ అక్క


అక్కా,

ప్రియమైన అని రాయడానికి మొహం చెల్లట్లేదు. నవ్వలేదు. తిండి కూడా సయించట్లేదు.

ఆ పూసలు ఆకాశంలోంచి కాదు, నా గ్రైండర్‌లోంచి రాలాయి. ఇనుము కోస్తే ఎగిరే నిప్పురవ్వలు చల్లారాక అట్లాగే గుండ్రంగా ఉంటాయి. ఆ పొడి పారేయకుండా మీరు ఊడ్చే మూల చల్లి వచ్చాను. నువ్వు గొప్పలు పోతూ ఉత్తరం రాస్తే, తిరుగు టపాలో చెప్పి ఏడిపిద్దామనుకున్నా. చిన్నప్పుడు నీ పెన్నులో నీళ్లు పోస్తే నీ ఒక్కదాని పరీక్షే పోయింది. ఇప్పుడు అంతమంది పిల్లల పరువు.

ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశా. నీ గొంతు వింటే మళ్లీ ఏదో జోకేసి తప్పించుకుంటానని భయం. పిల్లలకి నా పేరే చెప్పు, తప్పంతా నా మీదే వెయ్యి.

నీ పనికిమాలిన తమ్ముడు


ప్రియమైన కోతికి,

నీ ఉత్తరం శనివారం అందింది. శుక్రవారమే చూపించేశాం.

అవతలి దేశం అబ్బాయొకడు "మీకు మాత్రమే ఇన్ని ఎలా దొరికాయి?" అన్నాడు. మా అదృష్టం అనబోయాను. చివరి బెంచీ పిల్ల లేచి, "అవి వెల్డింగ్ పొడి. మా బడి రెయిలింగ్ కింద కూడా ఇవే ఉన్నాయి, మా ఇంటి డాబా మీద లేవు" అంది. అక్కడి పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత వరండాలోకి పిలిచి అడిగాను, ఎప్పుడు తెలిసిందే అని.

"మొదటి రోజే టీచర్. క్లాసంతటికీ తెలుసు. మీరు అంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు. ఆ అబ్బాయి అడిగేసరికి ఇంక దాచలేకపోయాను."

రేయ్, నువ్వు చల్లింది పొడే. పిల్లల నోళ్లు కట్టేసింది మాత్రం నా సంబరం. అదే మింగుడు పడట్లేదు.

వచ్చే శనివారం డాబా కడిగి మళ్లీ మొదలెడుతున్నాం. వచ్చెయ్. చీపురు నీకు, బకెట్ నాకు. నీ నిర్వాకం పిల్లలకి చెప్పాను. ఆ పిల్ల పక్కనే నిలబడి చూస్తుందట. మనిద్దర్నీ నమ్మనంది.

తిట్టే ఓపిక లేని నీ అక్క